వెడల్పు పేరులోనే

చెన్నై నుంచి సముద్రం అడుగున ఈదుకుంటూ వచ్చిన ఇంటర్నెట్ అండమాన్‌లోని రంగత్‌లో ఒడ్డెక్కింది. మాయాబందర్‌కు ఇంకా సుమారు 70 కిలోమీటర్లు.

కేబుల్ పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు. ఖర్చు 1,224 కోట్లు. ప్రారంభం 2020 ఆగస్టు 10. పోర్ట్ బ్లెయిర్ కాక మరో ఏడు చోట్ల తీరం తాకింది. ఉత్తర, మధ్య అండమాన్‌కు జిల్లా కేంద్రమైతేనేం, ఆ ఏడింటిలో మాయాబందర్ లేదు. పెళ్లి మనింట్లో, విందు పక్కింట్లో!

సరే, వచ్చేది బ్రాడ్‌బ్యాండేనా?

ఎందుకు కాదు! 2004లో సర్కారు కొలత సెకనుకు 256 కిలోబిట్లు. అప్పుడు ఒక జీబీ సినిమా దిగాలంటే ఎనిమిదిన్నర గంటల పైమాటే. రాత్రి మొదలెడితే తెల్లారి టిఫిన్‌తో చూడొచ్చు. 2013లో 512 చేశారు. 2023లో ఏకంగా 2 మెగాబిట్లు. ఇప్పుడు గంటా ఏడు నిమిషాలు చాలు, మధ్యలో తెర మీద చక్రం తిరగకపోతే. (బిట్లండీ, బైట్లు కావు. ఎనిమిది బిట్లకు ఒక బైటు. ప్రకటనల్లో ఈ భాగహారం కనిపించదు.)

అమెరికాలో 2024 నుంచి 100 మెగాబిట్లకు తగ్గితే బ్రాడ్‌బ్యాండ్ లెక్కలోకే రాదు. మన దగ్గర రెండుంటే పాసు.

ఈ చురకను మాయాబందర్‌లో ఫోన్‌లో చదువుతున్నవారు కాస్త ఓపిక పట్టండి. మిగతా సగం వస్తోంది.