ఫ్యామిలీకే ఇస్తాం, పిల్లలు ఉండకూడదు

హైదరాబాద్‌లో అద్దె ఇళ్లు ప్రధానంగా రెండు రకాలు: బ్యాచిలర్లకు ఇవ్వనివి, పిల్లలున్నవాళ్లకు ఇవ్వనివి. చాలాసార్లు రెండూ ఒకే ఇల్లు. గేటుకు వేలాడే టులెట్ బోర్డు మీద మొదటి నియమం మాత్రమే కనిపిస్తుంది, ‘ఓన్లీ ఫర్ ఫ్యామిలీస్’ అని. రెండోది ఎక్కడా రాయరు. బోర్డు చూసి ఫోన్ చేసినవాళ్లకు నోటిమాటగా అందుతుంది. ఓనరు దృష్టిలో ఫ్యామిలీ అంటే ఉద్యోగం చేసే మొగుడు, వాకిట్లో ముగ్గేసే పెళ్లాం, ఒకటో తారీఖు దాటకుండా అద్దె. ఆ మొగుడూ పెళ్లాల మూలంగా లోకంలోకి వచ్చే మిగతా జనాభా ఆ లెక్కలోకి రాదు.

పిల్లలొద్దన్న నియమం అపార్ట్‌మెంట్లలో కన్నా ఇండిపెండెంట్ ఇళ్లలో బలంగా ఉంటుంది. ఫ్లాటు ఓనరు ఎక్కడో దూరంగా ఉంటాడు కాబట్టి కిరాయిదారు పిల్లల కేకలు ఆయన చెవిన పడవు. పడేది పక్క ఫ్లాట్ల వాళ్ల చెవిన, వాళ్ల తిప్పలు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో తేలతాయి. దిల్‌సుఖ్‌నగర్, మల్కాజ్‌గిరి, నల్లకుంట లాంటి చోట్ల సంగతి వేరు. అక్కడ ఓనరు కింద ఉండి పైన రెండు పోర్షన్లు, లేదా పైన ఉండి కింద రెండు పోర్షన్లు అద్దెకిస్తాడు. అద్దెతో పాటు అద్దెకున్నవాళ్ల చప్పుడు కూడా ఆయనకే చేరుతుంది.

ఫోన్ సంభాషణ అన్ని పేటల్లోనూ ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. ఉద్యోగం ఎక్కడ, సొంతూరు ఏది అన్న ప్రశ్నలకు మంచి జవాబులు వచ్చాక ఓనరు గొంతు మెత్తబడుతుంది. అసలు ప్రశ్న అప్పుడు వస్తుంది.

“పిల్లలెంతమందండీ?”

“ఇద్దరండీ.”

“ఎంతెంత వాళ్లు?”

“బాబుకి ఎనిమిది, పాపకి మూడు.”

“అలాగా... మా తోడల్లుడు గారి తాలూకు వాళ్లెవరో అడిగారండీ. వాళ్ల సంగతి తేలాక మేమే ఫోన్ చేస్తాం.”

ఈ తోడల్లుడి గారి తాలూకు వాళ్లు నగరంలో ఖాళీ అయిన ప్రతి పోర్షన్నూ ముందే అడిగి పెట్టుకున్నారు. ఏ ఇంట్లోనూ దిగినట్టు దాఖలా లేదు.

పిల్లలందరి మీదా అభ్యంతరం ఒకేలా ఉండదు, వయసును బట్టి మారుతుంది. ఏడాది లోపు పసివాళ్ల మీద ఉన్న ఫిర్యాదు రాత్రి ఏడుపు. నడక వచ్చిన దగ్గర్నుంచి మూడేళ్ల దాకా కుళాయిలు తిప్పడం, చెప్పులు సంపులో పడేయడం. మూడు నుంచి ఆరు దాకా గోడలు. ఆరు దాటితే మెట్ల మీద పరుగులు, సందులో క్రికెట్, ఆ క్రికెట్‌కు వచ్చే బయటి పిల్లలు. టెన్త్‌కు వస్తే ఓనరు ముఖం కాస్త విప్పారుతుంది. ఇంటర్మీడియట్ అయితే, అదీ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంటే, అంతకు మించిన సంతానం లేదు. “ఇద్దరూ హాస్టల్లోనే ఉంటారండీ” అన్న ఒక్క మాటకు వెయ్యి రూపాయల అద్దె తగ్గించిన ఓనర్లు కూడా ఉంటారు. తెలుగు రాష్ట్రాల్లో పిల్లల్ని పదహారేళ్లకే హాస్టళ్లలో పెట్టి చదివించే పద్ధతిని ఎంసెట్ ర్యాంకుల కోణంలోనే ఇన్నాళ్లూ విశ్లేషించారు. దానివల్ల ఇల్లు దొరకడం ఎంత తేలికవుతుందో ఎవరూ పట్టించుకోలేదు.

ఇక కారణాలు. వాటిలో మొదటిది గోడ. ఓనర్లలో చాలామంది రిటైరైన ఉద్యోగులు. ముప్పై ఏళ్ల నౌకరీ, పీఎఫ్ డబ్బులు, ఊళ్లో అమ్మిన అరెకరం కలిస్తే ఆ ఇల్లు. ఇల్లు కట్టి చూడు అన్న సామెతలోని మొదటి సగం ఆయన స్వయంగా అనుభవించాడు. గోడకు లప్పం రెండు కోట్లు పట్టించి, రోజంతా సాండ్‌పేపర్ రుద్దించి, ప్రైమర్ మీద ఎమల్షన్ కొట్టించినప్పుడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆయనే. నాలుగేళ్ల పిల్లకు అదే గోడ ఎంత గీసినా అయిపోని కాగితం. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు ఇల్లంతా ఒక చిత్రాల పట్టీ వెలుస్తుంది: కిరణాలున్న సూర్యుడు, చేతులకు ఎనిమిదేసి వేళ్లున్న అమ్మ, వంటింటి గుమ్మం దగ్గర మొదలై హాల్లోకి వచ్చే రైలు. పెన్సిలైతే తుడిస్తే పోతుంది. స్కెచ్ పెన్ కొంత పోయి కొంత పాకుతుంది. క్రేయాన్ అన్నిటికన్నా మొండిది. అందులో ఉండేది మైనం కాబట్టి నీళ్ల రంగు దాని మీద సరిగా అంటుకోదు, పైన ఎమల్షన్ కొట్టినా సూర్యుడు మళ్లీ పొడుచుకొస్తాడు. గోకి, ప్రైమర్ వేసి, అప్పుడు రంగు వేయాలి. ఇన్ని సంగతులు ఆ ఓనరుకు తెలిశాయంటే అంతకు ముందు అద్దెకున్నవాళ్లు నేర్పి వెళ్లినట్టే. ఈ ఒక్క విషయంలో ఆయన పక్షాన కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి.

రెండో కారణం నీళ్లు. హైదరాబాద్‌లో 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకం కింద నెలకు 20 వేల లీటర్ల దాకా బిల్లు లేదు. కానీ ఇండిపెండెంట్ ఇంట్లో ఆ లెక్క కనెక్షన్‌కు, లోపల ఎన్ని కాపురాలున్నా. అందుకే ఓనరు మనుషుల్ని బకెట్లలో లెక్కపెడతాడు. ఏప్రిల్‌లో బోరు గాలి కొట్టి, ట్యాంకర్ కోసం ఫోన్ పట్టుకు కూర్చున్నప్పుడు పై పోర్షన్ పిల్లాడు బ్రష్ చేస్తూ కుళాయి వదిలేస్తే ఆ ధార శబ్దం మెట్ల మీదుగా నేరుగా ఆయన గుండెలోకి వస్తుంది. మోటారు ఎవరు వేశారు, ఎంతసేపు వేశారు అన్న విచారణలో కూడా పిల్లలే మొదటి అనుమానితులు.

చప్పుడు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఓనరు నడుం వాలుస్తాడు. స్కూలు బస్సు మూడున్నరకు వస్తుంది.

ఇంత ఎంచుకుని, వచ్చినవాళ్లను వెనక్కి పంపడం ఆయనకు ఎలా సాధ్యమవుతుందన్నది అసలు ప్రశ్న. జవాబు లెక్కల్లో ఉంది. మన నగరాల్లో ఇంటి అద్దె ఏడాదికి ఆ ఇంటి విలువలో రెండు మూడు శాతం దగ్గరే ఆడుతుంది. ఒక నెల ఖాళీగా ఉంటే పోయేది అందులో పన్నెండో వంతు. ఇంటి విలువ మాత్రం ఖాళీగా ఉన్నా పెరుగుతూనే ఉంటుంది. పెన్షన్ ఎలాగూ వస్తుంది. దానికి తోడు పిల్లలున్నవాళ్లు ఇళ్లు వెతికే కాలం వాళ్లకే ఎదురు తిరుగుతుంది. జూన్‌లో స్కూళ్లు తెరుస్తారు కాబట్టి అందరూ ఏప్రిల్, మే నెలల్లోనే ఒకేసారి వీధుల మీద పడతారు. బోర్డు కట్టిన సాయంత్రానికే పది ఫోన్లు వస్తుంటే ఏరుకోకపోతే ఓనరు ఎందుకవుతాడు? ఆషాఢంలో అదే ఓనరు మెత్తబడి, ఇద్దరు పిల్లలైనా ఫర్వాలేదండీ అంటాడు. శూన్యమాసంలో పాలు పొంగించేవాళ్లు తక్కువ కాబట్టి ఆ ఔదార్యాన్ని వాడుకునేవాళ్లూ తక్కువే.

అద్దెకు వచ్చేవాళ్ల వైపు ఉపాయాలు లేకపోలేదు. బ్యాచిలర్లు ఇల్లు సంపాదించడానికి తమలో ఒకడికి చీర కట్టి భార్యగా చూపించిన కథ ‘చిత్రం భళారే విచిత్రం’ సినిమాలో అందరూ చూసిందే. పిల్లలున్నవాళ్లకు అంత వేషం అక్కర్లేదు, తీసివేత చాలు. ఇద్దరుంటే ఒక్కరే అని చెబుతారు. రెండోవాణ్ని దిగిన రెండు వారాల తర్వాత ‘మా అక్క కొడుకు, సెలవులకొచ్చాడు’ అని ప్రవేశపెడతారు. ఆ సెలవులు ఎంతకీ అయిపోవు. ఇల్లు చూసుకోవడానికి వెళ్లేటప్పుడు ఇద్దరిలో నెమ్మదైనదాన్నే వెంటబెట్టుకెళ్లడం మరో పద్ధతి. తలకు నూనె రాసి, నున్నగా దువ్వి, దారిలో చాక్లెట్ కొనిపెట్టి తీసుకెళ్తారు. బ్రోకరు గుమ్మంలోనే “పిల్లలు చాలా సైలెంట్ సార్, ఉన్నట్టే ఉండరు” అని అందుకుంటాడు. అర నెల అద్దె కమిషన్ కోసం ఆయన ఎవరి పిల్లలకైనా హామీ ఉంటాడు. ఓనరమ్మ బిస్కెట్ ఇచ్చి పేరడుగుతుంది. ఇది ఆదరణలా కనిపించే పరీక్ష. పాప పేరు చెప్పి, థాంక్యూ ఆంటీ అని, బిస్కెట్ పొడి కింద పడకుండా తింటుంది. అంతా సవ్యంగా ముగుస్తుందనుకునే సమయానికి నాన్న చొక్కా పట్టుకుని, “నాన్నా, ఈ గోడ మీద గీసుకోవచ్చా?” అని అడుగుతుంది.

ఈ బాధలన్నీ లేకుండా కొత్తగా పెళ్లైన జంటకు ఇస్తే పోతుందని కొందరు ఓనర్లు అనుకుంటారు. వాళ్లు నిశ్శబ్దంగా ఉంటారు, సామాన్లు తక్కువ, గోడకు మేకులు కొట్టేంత ఫొటోలు ఇంకా పోగవలేదు. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాయిస్తారు, ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ కావాలన్న నమ్మకంతో. ప్రకృతికి మాత్రం తొమ్మిది నెలలు చాలు. ఒకరోజు కోడలుపిల్ల లాంటి ఆ అమ్మాయే పళ్లెంలో కుంకుమ భరిణె పట్టుకొచ్చి, “ఆంటీ, ఆదివారం శ్రీమంతం, మీరు ముందుగా రావాలి” అని పిలుస్తుంది. ఓనరమ్మ వెళ్లి గాజులు తొడిగి, అక్షతలు వేసి, కడుపు చల్లగా ఉండాలని దీవించి వస్తుంది. ఆ రాత్రి ఓనరుకు నిద్ర పట్టదు.

చట్టం ఈ తగవులోకి రాదు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దాకా వచ్చి ఆగింది, అద్దె పోర్షన్ గుమ్మం తొక్కలేదు. అందులో చెప్పిన కారణాలు కూడా మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు. పిల్లలుండటం వాటిలో లేదు. తెలంగాణలో నడిచే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం లోపలున్నవాళ్లను ఎప్పుడు ఖాళీ చేయించవచ్చో చెబుతుంది కానీ బయట నిలబడ్డవాళ్లను లోపలికి రానివ్వమని చెప్పదు. పైగా 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే ఆ చట్టమే వర్తించదు. ఆ డబ్బుకు ఇవాళ ఇల్లు కాదు గదా, హాస్టల్లో మంచం దొరకడం కష్టం. 2021లో కేంద్రం తయారుచేసిన నమూనా అద్దె చట్టం నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంది. పిల్లలున్నారని ఇల్లు కాదనకూడదన్న మాట అందులోనూ లేదు.

అమెరికాలో ఉంది. అక్కడి 1968 నాటి గృహ వసతి చట్టాన్ని 1988లో సవరించి, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలున్నారన్న కారణంతో ఇల్లు నిరాకరించడం నేరుగా నిషేధించారు. గర్భిణులకూ అదే రక్షణ. అరవై రెండేళ్లు దాటినవాళ్లకే కట్టిన వసతులకు, యాభై ఐదు దాటినవాళ్ల కాలనీలకు మినహాయింపు. ఇంకో మినహాయింపు మన ఓనరు కోసమే రాసినట్టుంటుంది: నాలుగు పోర్షన్లకు మించని ఇంట్లో ఓనరు తానూ ఒక పోర్షన్‌లో కాపురముంటే నిషేధం ఆయనకు వర్తించదు. అయితే పిల్లలున్నవాళ్లకు ఇవ్వమని ప్రకటన మాత్రం ఇవ్వకూడదు. అంటే దిల్‌సుఖ్‌నగర్ ఓనరు తన ఇంటిని ఉన్నపళంగా టెక్సాస్‌కు తరలించినా ఆ చట్టం జోలికి రాదు. బోర్డు మీద రాయకుండా, ఫోన్లో తోడల్లుడి గారి తాలూకు వాళ్ల మీదకు నెట్టేసే పద్ధతి ఆయన ఎవరూ చెప్పకుండానే పాటిస్తున్నాడు.

ఆ చట్టం పూర్తి ప్రయోజనం దక్కేది ఓనరు కొడుక్కి. అతను డాలస్‌లో పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ రెండో అంతస్తులో ఇద్దరు పిల్లలతో ఉంటాడు. పిల్లలెంతమంది అని అడిగి వెనక్కి పంపే హక్కు అక్కడి మేనేజరుకు లేదు. వేసవి సెలవులకు ఆ పిల్లలు హైదరాబాద్ వస్తారు. వచ్చిన మూడో రోజుకు ఓనరు హాల్లో, నేల నుంచి మూడడుగుల ఎత్తులో ఒక విమానం వెలుస్తుంది. దాన్ని తుడవరు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. మేడ మీద పోర్షన్‌లో ఉన్నవాళ్లు కూడా అద్దె ఇవ్వడానికి దిగినప్పుడు ఆగి, “అబ్బ, రెక్కలు ఎంత బాగా వేశాడండీ” అనాలి.

పిల్లలున్నవాళ్లకు చివరికి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, సాధారణంగా స్కూలుకు దూరంగా, ఒక వెయ్యి ఎక్కువకు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవడం హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో మామూలు. ఇది పిల్లలున్నవాళ్లకూ, లేనివాళ్లకూ, గోడ వైపు తిరిగి పడుకోనివాళ్లకూ ఒకే రేటు. ఓనరు లోపలికొచ్చి గోడలన్నీ చూస్తాడు కానీ లెక్క ఆ చూపుకు ముందే అయిపోయి ఉంటుంది. రంగు మాత్రం తర్వాత దిగేవాళ్లు గట్టిగా అడిగితేనే వేయిస్తాడు, అదీ హాలుకే.