ప్రేమకథల సంచిక తేదలచిన తిరుపతి సంపాదకులకు సూచనలు

రిటైరయ్యి, పీఎఫ్ డబ్బు చేతికొచ్చి, పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో స్థిరపడ్డాక మన ప్రాంతపు చదువరికి రెండు ఆలోచనలు వస్తాయి. ఒకటి ఊరి బయట స్థలం కొనడం. రెండోది కథల పత్రిక పెట్టడం. మొదటి పని చేసినవాళ్లు రేణిగుంట రోడ్డులో సుఖంగా ఉన్నారు. ఈ సూచనలు రెండోవాళ్ల కోసం. అందులోనూ పత్రిక పెట్టి, నాలుగు సంచికలు తెచ్చి, రాసేవాళ్లు తప్ప చదివేవాళ్లు లేరని తెలిసొచ్చి, "పోనీ, ఒక్కసారికి ప్రేమకథల ప్రత్యేక సంచిక వేస్తే?" అని ఎవరూ వినకుండా అనుకుంటున్నవాళ్ల కోసం.

1. పేరూ ఊరూ

పేరు బరువుగా ఉండాలి. నోరు తిరగకపోతే ఇంకా మంచిది. మీరు ముచ్చటపడ్డ పేరును ఎవరో ఎప్పుడో రిజిస్టరు చేసుకుని, రెండు సంచికలు తెచ్చి వదిలేసి ఉంటారు గనక మరో నాలుగు పేర్లు సిద్ధంగా పెట్టుకోండి. 1867 నాటి పాత చట్టం పోయి 2023లో కొత్త చట్టం వచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. దీంతో ఆలస్యానికి గుమాస్తాను తిట్టుకునే పాత సౌకర్యం పోయింది.

చిరునామా కింద ఏ జిల్లా పేరు వేయాలన్నది తొలి సంపాదకవర్గ సమావేశంలో తేల్చండి. 2022లో జిల్లాలు విడిపోయాయి. మదనపల్లె సభ్యుడు ఒకటంటాడు, చిత్తూరు సభ్యుడు ఇంకోటంటాడు. చివరికి అందరూ "ఉమ్మడి చిత్తూరు జిల్లా" దగ్గర రాజీపడతారు. పత్రిక బతికున్నంత కాలంలో సంపాదకవర్గం ఏకాభిప్రాయానికి వచ్చే సందర్భం ఇదే.

2. ముందు ప్రేమకథను చీదరించుకోండి

ప్రేమకథల సంచిక వేసే సంపాదకుడు ప్రేమకథలంటే తనకు పడదని తొలి పేజీలోనే చెప్పుకోవాలి. "చవకబారు కాలక్షేప సాహిత్యానికి భిన్నంగా" అని మొదలుపెట్టండి. భిన్నంగా ఏముంటుందో చెప్పనక్కర్లేదు.

ఇక్కడ చరిత్ర మీకు కొంచెం అడ్డు తగులుతుంది. దాన్ని దాటేయండి. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వందల కొద్దీ చిన్న నవలలు రాస్తే అవి రైలు స్టేషన్లలో అమ్ముడుపోయాయి. పెద్దలు దానికి రైల్వే సాహిత్యమని పేరు పెట్టి వెక్కిరించారు. అంతకుముందు పుస్తకం ముట్టని ఎందరో ఆడవాళ్లు వాటితోనే చదవడం మొదలుపెట్టారు. 1960ల్లో జ్యోతి మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ" వచ్చింది. ఆ తర్వాత సందు సందునా వెలసిన అద్దె పుస్తకాల షాపులను పోషించింది ఆమే, ఆమె తరం రచయిత్రులే. ఆడపేరుంటేనే నవల పోతుందని మగవాళ్లు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాసిన రోజులవి. అటు లండన్‌లో 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్ తొలి రోజుల్లో జాక్ లండన్‌నూ వుడ్‌హౌస్‌నూ కూడా అచ్చేసింది. కానీ దాన్ని నిలబెట్టింది ప్రేమ నవలలే. ఇటు 1924లో మొదలై తెలుగు సాహిత్యానికి పెద్దదిక్కుగా నిలిచిన భారతి 1991లో ఆగిపోయింది.

వీటన్నిటి నుంచి మీరు నేర్చుకోవలసింది ఒకటే. చదివించడం చవకబారు పని. భారతి ఆగిపోయినందుకు బాధపడుతూ ఒక సంపాదకీయం రాయండి. భారతికి మీరు ఎన్నేళ్లు చందా కట్టారో మాత్రం అందులో రాయకండి.

3. నాయకుడికి కారుండాలి

సూత్రం తెలిసిందే. "సెక్రటరీ"లో రాజశేఖరం లాగా నాయకుడు పొడగరి, ధనవంతుడు, మితభాషి అయ్యుండాలి. నాయికకు ఉండవలసిందల్లా ఆత్మాభిమానం. ఇద్దరి మధ్యా అడ్డు ఒక్క డబ్బే కావాలి. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాం.

తిరుపతికి తగ్గట్టు చిన్న మార్పులు చేసుకోవచ్చు. నాయకుడి కారు లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది గనక, అతడు రివ్వున దూసుకుపోయే సన్నివేశాన్ని రాత్రి రెండు గంటలకు పెట్టండి.

ఇంత చౌకబారు కథ ఆధ్యాత్మిక నగరంలో ఏమిటని ఎవరైనా అడిగితే స్థలపురాణం చెప్పండి. వేటకొచ్చిన యువకుడు ఏనుగును తరుముతూ నారాయణవనం తోటలో రాకుమారిని చూస్తాడు. చెలికత్తెలు రాళ్లు విసిరితే గుర్రం చచ్చిపోతుంది. అతడు కొండకొచ్చి మంచమెక్కుతాడు. సంబంధం మాట్లాడటానికి వకుళమ్మ బయల్దేరుతుంది. అంతవరకూ ఆగలేక తానే ఎరుకలసాని వేషం కట్టి, పిల్ల వాళ్లింటికి సోదె చెప్పడానికి పోతాడు. కొల్హాపురంలో అలిగి కూర్చున్న మొదటి భార్య సంగతి సరేసరి. సీరియల్ రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? అయినా మీరు దీన్ని సాహిత్యంగా గుర్తించకండి. దండం పెట్టి ఊరుకోండి.

4. కొంచెం కరువు కలపండి

రాయలసీమ నుంచి ప్రేమకథ వెళ్తే హైదరాబాదు విమర్శకుడు మొదట వెతికేది కరువు. అది దొరక్కపోతే ఫ్యాక్షన్. మన చిత్తూరు వైపు సుమోలు గాల్లోకి లేవవనీ, ఇక్కడి గొడవలు మామిడికాయల ధర, పాల డెయిరీ బిల్లు, బోరు ఎండిపోవడం లాంటివనీ ఎంత చెప్పినా ఆయన నమ్మడు. ఆయన్ను నిరాశపరచకండి. నాయకుడు నాయిక చెయ్యి పట్టుకునే ముందు ఒకసారి ఆకాశం వైపు చూడాలి. మబ్బు ఉండకూడదు.

మన జిల్లా పెద్దలను ఇందుకు సాక్ష్యంగా వాడుకోండి. మధురాంతకం రాజారాం బడిపంతుళ్లనూ సన్నకారు రైతులనూ కథల్లోకి తెచ్చి 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. డాక్టర్ కేశవరెడ్డి "అతడు అడవిని జయించాడు"లో ఒక ముసలాయన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. నామిని "పచ్చనాకు సాక్షిగా" అని ఇంటినీ సేద్యాన్నీ మన యాసలోనే పెట్టి లోకానికి చూపించారు. ఇవన్నీ నిజంగా గొప్పవి. మీ సంపాదకవర్గం మాత్రం వీటి నుంచి ఒకే నీతి తీసుకోవాలి: సీమలో మనిషి ప్రేమించదగినవి నేల, పశువు, అమ్మ. ఇంకెవర్ని ప్రేమించినా అది దిగుమతి సరుకు.

5. ప్రేమించేటప్పుడు పత్రిక భాషలో ప్రేమించాలి

ఇది ఎవరూ రాయకపోయినా అందరూ పాటించే నియమం. పనిమనిషి, ఆటోడ్రైవరు, అవ్వ యాసలో మాట్లాడవచ్చు. నాయకుడూ నాయికా మాత్రం పలమనేరులో పుట్టి పెరిగినా కృష్ణా తీరపు తెలుగులోనే ప్రేమించాలి. "నువ్వు రాకపోతే నాకు కూడు దిగలేదు మే" అని ఒక పిల్లోడు అన్నాడనుకోండి. దాన్ని దిద్ది, "నీ రాక లేని క్షణం నాకు శూన్యం" అని వేయండి. పిల్లోడు రాసింది చదివితే ఎవరికైనా గొంతు పట్టుకుంటుంది. అలాంటివి పత్రిక స్థాయికి తగవు.

6. ఏకాంతం లేని ఊరు

కలుసుకునే చోటు మీద శ్రద్ధ పెట్టండి. తలకోన, హార్స్‌లీ హిల్స్, చంద్రగిరి కోట ఇప్పటికే అరిగిపోయాయి. యూనివర్సిటీ చెట్ల కింద రాయాలంటే అక్కడ చదువుకున్న చందాదారులంతా తమ గురించేనని అనుకుంటారు.

నిజానికి ప్రేమికులకు తిరుపతిని మించిన కష్టమైన ఊరు లేదు. వేరే ఊళ్లో అమ్మాయి మేనమామకు దొరకాలంటే కథకుడు ఏదో ఒక యాదృచ్ఛికం కల్పించాలి. ఇక్కడ ఆ అవసరమే లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న ప్రతి మేనమామా ఏదో ఒక రోజు దర్శనానికి వస్తాడు. అలిపిరి మెట్లు 3,550. చేతులు పట్టుకుని పది మెట్లు ఎక్కేలోపు వెనక నుంచి "గోవిందా!" అన్న గొంతు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఇంత మంచి ఉత్కంఠ ఊరికే దొరుకుతుంటే మన రచయితలు కథను ఊటీకి తీసుకుపోతారు. మీరు అడ్డు చెప్పకండి. ఊటీ అంటే బొమ్మ బాగా వస్తుంది.

7. రచయితలతో మర్యాద

తిరుపతి పత్రికకు రచనల కొరత ఉండదు. కథతో పాటు వచ్చే హామీపత్రం చదివితే ఎందుకో తెలుస్తుంది. "ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు" అన్న వాక్యం అయ్యాక కింద ఇంకో వాక్యం ఉంటుంది: "వచ్చే నెల కుటుంబ సమేతంగా వస్తున్నాం, బ్రేక్ దర్శనానికి ఎవరైనా తెలిసినవాళ్లున్నారా?" టికెట్టు దొరికితే కథ మీ పత్రికకు, దొరక్కపోతే మరో పత్రికకు. పారితోషికం అడిగేవాళ్లకు లడ్డూలు పంపండి. ఈ నాణెం చెల్లే ఊరు ఇదొక్కటే.

కొందరు వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపుతారు, మూడో పేజీ ఉండదు. కొందరు అను ఫాంట్లలో పంపుతారు. దాన్ని యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులన్నీ ఎగిరిపోయి, నాయిక నాయకుణ్ని చూసి ఏం చేసిందో అర్థం కాదు. అలాగే అచ్చు వేయండి. ప్రయోగమని ఎవరో ఒకరు మెచ్చుకుంటారు.

8. నైతిక ఆగ్రహానికి ఏర్పాట్లు

కథలో ముద్దు ఉంటే ఉత్తరాలు వస్తాయి. గంగమ్మ జాతరలో వేషం కట్టి ఊరంతా వినేలా బూతులు తిట్టినాయనే, ఆ వారం గడవగానే మీ పత్రిక పిల్లకాయల్ని చెడగొడుతోందని రాస్తాడు. ఆయనకు వినయంగా జవాబివ్వండి. ముద్దుపళని "రాధికా సాంత్వనము"ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించితే మరుసటేడే ప్రభుత్వం నిషేధించిందని, 1947లో గానీ ఆ నిషేధం పోలేదని గుర్తుచేయండి. మీ పత్రికకూ ఒక నిషేధం దొరికితే చందాలు పెరుగుతాయి గానీ, అంత అదృష్టం ఆశించకండి.

అన్నమయ్య పేరు ఎత్తవద్దు. కొండ మీద సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల్లో ఆధ్యాత్మ సంకీర్తనల కన్నా శృంగార సంకీర్తనలే చాలా ఎక్కువ. అలకలు, ఎత్తిపొడుపులు, గోటిగుర్తులు అన్నీ రాగి మీద చెక్కించి దాచారు. ఆయన భార్య తిమ్మక్కను తెలుగులో తొలి కవయిత్రి అంటారు. ఆమె రాసిన "సుభద్రా కల్యాణం" ఒక లేచిపోయిన జంట కథ. ఇదంతా చెబితే ప్రేమకథలు బయటినుంచి వచ్చిన తెగులన్న మీ తొలి సంపాదకీయం ఏమైపోవాలి?

9. అసలైన కథ వస్తే

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి నిజమైన ప్రేమకథ వచ్చేస్తుంది. ఉదాహరణకు నగరి నుంచి అనుకుందాం. పిల్ల మరమగ్గం దగ్గర పని చేస్తుంది. పిల్లోడు తిరుత్తణి దాకా ఆటో తోలతాడు. తిరుత్తణి 1960 వరకూ చిత్తూరు జిల్లాలోదే, ఆ తర్వాత మద్రాసు రాష్ట్రానికి పోయింది. వాళ్లు సగం తెలుగు, సగం తమిళం కలిపి పోట్లాడుకుంటారు. కారు లేదు. కరువు లేదు. ఎవరూ చావరు. మొత్తం కథలో జరిగేదల్లా పిల్లోడు మొదటిసారి ఇంటికొస్తే పిల్ల తల్లి కాఫీ ఇస్తూ "మీరేమోళ్లు నాయనా?" అని అడగడం. అతడు చెప్పడం. ఆమె లోటాను అతని చేతికివ్వకుండా గట్టు మీద పెట్టడం.

ఇప్పుడు మూడో సూచన చివరి ముక్క గుర్తు తెచ్చుకోండి. ప్రేమికుల మధ్య అడ్డు డబ్బే కావాలి. ఆ ఒక్క ప్రశ్న కొట్టేసి, పిల్లోణ్ని బీదవాణ్ని చేసి, చివర్లో అతనికి బ్యాంకు లోను ఇప్పించండి. కథ అందరికీ నచ్చుతుంది. మన ప్రేమ నవలలు దశాబ్దాలుగా ఇదే చేశాయి. మేడకూ గుడిసెకూ వందలసార్లు పెళ్లి చేశాయి గానీ, ఆ గట్టు మీది లోటా జోలికి పోలేదు. ప్రేమకథ తేలికైన సరుకని మనం ఈసడించుకుంటాం. దానిలోని బరువు తీసేసింది మనలాంటి సంపాదకులే.

ఒకవేళ బుద్ధి గడ్డి తిని దాన్ని ఉన్నది ఉన్నట్టు వేశారనుకోండి. ఏం జరుగుతుందో ముందే చెబుతున్నాం. జీవిత చందాదారు ఒకాయన ఫోన్ చేసి, జీవితం ఇంకా మిగిలుంది గనక ఆ మేరకు చందా వెనక్కివ్వమంటాడు. ఇంకొకాయన ఆ కులం పేరు అవసరమా అని అడుగుతాడు. పుత్తూరులో జెరాక్సు షాపువాడు ఆ ఆరు పేజీలే రోజంతా తీస్తాడు. "ఇట్లాంటిది ఇంకోటి ఉండాదా సామీ?" అని మీరెరగని నంబరు నుంచి మెసేజీ వస్తుంది. మీ పత్రికను రచయిత కానివాళ్లు చదవడం అదే మొదలు. కంగారు పడకండి.

10. చివరగా డబ్బు

ఆ సంచిక అయిపోతుంది. మళ్లీ వేయమని అడుగుతారు. రెండో ముద్రణకు కాగితం కొనడానికి మీ దగ్గర ఏమీ ఉండదు, ఎందుకంటే మొదటి ముద్రణ కాపీల్లో సగం ఆవిష్కరణ సభలో ఉచితంగా పంచారు. అప్పు చేయండి. ఈ ఊళ్లో అందుకు ఎవరూ తప్పుపట్టరు. ప్రేమించిన పిల్లను పెళ్లాడటానికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, యుగాలుగా వడ్డీ కడుతున్న స్వామి నీడన బతుకుతున్నవాళ్లం. అయితే వడ్డీతో సరిపెట్టుకునే వెసులుబాటు ఆయన ఒక్కడికే ఉంది. ప్రెస్సువాడు మిమ్మల్ని అసలు కూడా అడుగుతాడు, అదీ ఈ నెలాఖరులోగా.