తూర్పు మరిచిన చదువు

మనిషి ఆలోచన ఒంటి నుంచే మొదలవుతుందని చదువుకున్నవాణ్ణి నేను. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ 1980లో తెచ్చిన 'మెటఫర్స్ వి లివ్ బై' ఎమ్మే రోజుల్లో నా దిండు పక్కనే ఉండేది. నిటారుగా నిలబడే ప్రాణి గనకనే మనిషికి పైనున్నది మేలుగా, కిందున్నది కీడుగా తోస్తుందని, భావాలకు వేర్లు మన చూపులో, నడకలో, పట్టులో ఉన్నాయని ఆ పుస్తకం చెప్పింది. ఆ మాట మీద నాకు ఇప్పటికీ గౌరవమే. దాన్ని పట్టుకుని నేను చేసిన తెలివితక్కువ పని గురించే ఇక్కడ చెప్పుకోవాలి.

ఒంటికి కుడి, ఎడమ, ముందు, వెనక ఉన్నాయి. అందుకే చోటు గురించి ఏ మనిషైనా సహజంగా మాట్లాడే పద్ధతి అదేనని తేల్చేసుకున్నాను. తూర్పు పడమరలు బడిలో పటం చూసి నేర్చుకునే సంగతులు అనుకున్నాను. జర్మన్ తత్వవేత్త కాంట్ కూడా 1768లో దిక్కుల మీద రాసిన వ్యాసంలో, దిక్కుల తెలివికి మూలం మన ఒళ్ళేనని వాదించాడు. దాంతో నాకు మరింత ధైర్యం వచ్చింది.

కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టి, పదో తరగతి దాకా అక్కడే పెరిగినవాణ్ణి ఇట్లా ఎట్లా అనుకున్నాను? మా ఇంట్లో బర్రెను వేపచెట్టుకు దక్షిణం పక్క కట్టేసేవాళ్ళు. ఉప్పు కుండ పొయ్యికి ఉత్తరంగా ఉండేది. "మంచం రోంత పడమరకు జరుపు" అంటే చీకట్లో కూడా సరిగ్గా జరిపేవాణ్ణి. హైదరాబాద్‌కు పోయిన తరువాత ఆ తెలివి నాలోంచి ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. పోయిందన్న స్పృహ కూడా లేకుండా, అది ఉన్నవాళ్ళను తక్కువగా చూడడం మొదలుపెట్టాను.

అమ్మ మా అపార్టుమెంటుకు వచ్చినప్పుడు మొదట అడిగిన మాట, "ఈ ఇంటికి తూరుపు యాడరా?" అని. నాకు తెలియలేదు. ఆమే బాల్కనీలోకి పోయి పొద్దు ఏ పక్క ఉందో చూసుకుని వచ్చింది. ఆ తరువాత వంటింట్లో డబ్బాలన్నీ దిక్కులతోనే చెప్పేది. ఒకరోజు నా స్నేహితులు భోజనానికి వచ్చారు. "ఉత్తరం గూట్లో ఊరగాయ ఉంది, తీసుకురా నాయనా" అని వాళ్ళలో ఒకరికి చెప్పింది. అతను అయోమయంగా నిలబడ్డాడు. "అమ్మా, కుడి అనో ఎడమ అనో చెప్పు. ఇక్కడ నీ తూర్పు పడమరలు ఎవరికి కావాలి?" అన్నాను. అందరి ముందర అన్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె దిక్కు పేరు ఎత్తలేదు. ఏదైనా కావాలంటే చేత్తో చూపించేది. భాష మీద పట్టా తెచ్చుకున్న కొడుకు తల్లి చేత మాట మాన్పించాడు. నేను చేసినవాటిలో ఇంతకన్నా పెద్ద తప్పు నాకు గుర్తు రావడం లేదు.

రెండో తప్పు మా తోటలో జరిగింది. చీనీ తోటకు డ్రిప్పు పైపు వేయడానికి కాలవ తవ్విస్తున్నాం. నేను ఫోనులో ఉన్నాను. "బోరుకు ఎడమ పక్క తవ్వించు చిన్నాయనా" అన్నాను. "ఎడమంటే యా పక్క? తూరుపుకా, పడమరకా?" అని మా చిన్నాయన అడిగినాడు. "ఎడమంటే ఎడమే, అందులో తెలియనిదేముంది?" అని విసుక్కున్నాను. నా మనసులో నేను రోడ్డు మీద నిలబడి బోరు కేసి చూస్తున్నాను. ఆయన బోరు దగ్గర నిలబడి రోడ్డు కేసి చూస్తున్నాడు. కాలవ చీనీ చెట్ల మొదళ్ళ పక్కగా పోయింది. పిందె మీద ఉన్న చెట్లకు వేర్లు తెగాయి. ఆకు ముడుచుకుంది, పిందె రాలింది. మా నాయన తిట్టలేదు. "దిక్కు చెప్పింటే అయిపోయేది గదా" అన్నాడు, అంతే.

ఆ మాట తరువాతే స్టీఫెన్ లెవిన్సన్ 2003లో తెచ్చిన 'స్పేస్ ఇన్ లాంగ్వేజ్ అండ్ కాగ్నిషన్' శ్రద్ధగా చదివాను. ఆస్ట్రేలియాలో గూగు యిమిథిర్ భాష మాట్లాడే జనం కుడి ఎడమలతో చోటు చెప్పరు, అన్నిటికీ దిక్కులే. వాళ్ళ మనసు కూడా అట్లాగే పనిచేస్తుందా అని చూడడానికి ఒక పరీక్ష పెట్టారు. బల్ల మీద బొమ్మలను వరుసగా పెట్టి చూపిస్తారు. మనిషిని వెనక్కి తిప్పి, ఇంకో బల్ల మీద అదే వరుస పేర్చమంటారు. కుడి ఎడమల అలవాటున్నవాళ్ళు తమ ఒంటితో పాటు వరుసనూ తిప్పేస్తారు. దిక్కుల అలవాటున్నవాళ్ళు ఉత్తరాన ఉన్న బొమ్మను ఉత్తరానే ఉంచుతారు.

ఇదెక్కడో సముద్రాల అవతలి సంగతి అనుకోనక్కర్లేదు. ఎరిక్ పెడర్సన్ 1990ల మొదట్లో తమిళనాడులో ఇదే వెతికాడు. పట్నం తమిళులు కుడి ఎడమల వైపు, పల్లె తమిళులు దిక్కుల వైపు మొగ్గారు. భాష ఒక్కటే, జనం వాడే పద్ధతులు రెండు. మా అమ్మకూ నాకూ మధ్య ఉన్న తేడా అక్కడ అచ్చులో కనబడింది. దీనికి ఎదురు వాదనా ఉంది. పెగ్గీ లీ, లీలా గ్లైట్‌మన్ 2002లో అమెరికా విద్యార్థులతో అదే పరీక్ష చేసి, చుట్టూ కనబడే గుర్తులను బట్టి వాళ్ళ జవాబులూ మారతాయని చూపించారు. ఆలోచనను మార్చేది భాషా, బతికే చోటా అన్న తగువు తీరలేదు. నాకైతే రెండూ కలిసే పనిచేస్తాయనిపిస్తుంది. నేను ఊరు మారాను, తూర్పు పోగొట్టుకున్నాను.

మా వాళ్ళకు కుడి ఎడమలు తెలియవన్నదీ నా అపోహే. మడక దున్నేటప్పుడు ఎడమ పక్కది దాపటెద్దు, కుడి పక్కది వలపటెద్దు. దున్నేవాడూ ఎద్దులూ ఒకే వైపు చూస్తారు కాబట్టి అక్కడ తేడా రాదు. నాగార్జునసాగర్ కుడి కాలువ, ఎడమ కాలువ కూడా అంతే, నీళ్ళు పారే వైపు తిరిగి నిలబడితే ఎవరికైనా ఒకటే. ఎదురెదురుగా నిలబడే మనుషుల మధ్య మాత్రం దిక్కే చెప్పాలి. రిజిస్టరాఫీసులో రాసే చెక్కుబందీ చూడండి, తూర్పున ఫలానావారి భూమి, పడమట రస్తా అనే ఉంటుంది. పాత దానశాసనాల్లోనూ పొలం హద్దులు దిక్కులతోనే చెప్పారు. ఎక్కడ ఏది వాడాలో మా చిన్నాయనకు తెలుసు. తెలియనిది నాకు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం 'మాండలిక వృత్తిపదకోశం' మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతోనే, 1962లో తెచ్చారు. రైతు మాటలో శాస్త్రం ఉందని ఆయనకు అప్పటికే తెలుసు. ఆ పేరు చెప్పి పరీక్షలు పాసైన నేను ఇంట్లో మాట వినలేదు.

పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్క బడుల్లో చదువు చెప్పే అయ్యవార్లకు, అమ్మవార్లకు నాదొక మనవి. పిల్లవాడు "పలకకు తూరుపు పక్క" అంటే తప్పని దిద్దకండి. పైన చెప్పిన పరీక్షకు రెండు బల్లలు, నాలుగు బొమ్మలు చాలు. మీ తరగతిలో చేసి చూడండి, ఆ పిల్లల అవ్వాతాతలతోనూ చేయించండి, ఎవరు ఎట్లా పేర్చారో రాసిపెట్టండి. దిక్కులతో చోటు చెప్పే పెద్దవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళు ఉండగానే ఈ పని జరగాలి.