ఫారిన్‌లో ఇంగ్లీష్ టీచర్ కొలువు: చెమట పట్టకుండా గట్టెక్కే చిట్కాలు

ముడిమ్యాల నుంచి చేవెళ్లకు పోయే ఆటోలో పిల్లలు నన్ను అడిగేది ఒక్కటే. "అన్నా, ఫారిన్‌లో ఇంగ్లీష్ చెప్పే కొలువుకు ఆ టెఫ్ల్, సెల్టా చేస్తే ఫాయిదా ఉంటదా?"

ఉంటది తమ్మీ. కాగితంతో ఉంటది, చదువుతో ఉండదు. చీకటితోనే లేచి కూరగాయల మూటలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తోలినోళ్లు మన ఊరి పిల్లలు. పడ్డ కష్టం చాలు, ఇంకా పడొద్దనేదే నా తపన. కింద రాసినవి వరుస తప్పకుండా పాటించు.

1. సెల్టా జోలికి పోకు. అది కేంబ్రిడ్జ్ వాళ్ల 120 గంటల కోర్సు. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు నిలబడి పాఠం చెప్పాలి. వెనక బెంచీలో ఒకరు కూర్చుని నీ తప్పులన్నీ రాసుకుంటారు. తప్పులు రాయించుకోవడానికి పైసలు కట్టడమేంది? అదే 120 గంటలు అని అచ్చేసిన ఆన్‌లైన్ టెఫ్ల్ కాగితం ఒక్క రాత్రిలో చేతికొస్తుంది. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కు, తప్పైతే ఇంకోటి నొక్కు. నాలుగోసారికి ఎట్లైనా ఒప్పు పడుతుంది.

2. ఇఫ్లూ వైపు చూడకు. 1958లో ఇంగ్లీష్ టీచర్లను తయారు చేయడానికే హైదరాబాద్‌లో పెట్టిన సంస్థ అది, 2007 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఎంత పేరుంటే ఏం లాభం? చేవెళ్లలో బస్సెక్కి మెహిదీపట్నంలో దిగి, మళ్లీ తార్నాక దాకా పోవాలి. దూరం అన్నది మంచి సాకు. ఇంట్లో అడిగిన ప్రతిసారీ వాడు.

3. ఊరి సర్కారు బడిలో అనుభవం సంపాదించమని ఏ మాస్టారైనా అంటే తల ఊపి తప్పించుకో. 2022-23 నుంచి ఆ బడుల్లోకి ఇంగ్లీష్ మీడియం వచ్చింది, పిల్లలు నిజంగానే డౌట్లు అడుగుతారు.

4. దేశం ఎంచుకునేటప్పుడు నిబంధనలు చదవకు, ఫొటోలు చూడు. చదివితే మనసు విరుగుతుంది. దక్షిణ కొరియా ఈ-2 వీసా మామూలుగా అమెరికా, బ్రిటన్‌లాంటి ఏడు దేశాల వాళ్లకే. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం మనకూ ఒక సందు తెరిచింది గానీ, దానికి డిగ్రీతో పాటు టీచర్ అర్హత చూపాలట. వియత్నాంలో వర్క్ పర్మిట్‌కు డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్ రెండూ కావాలి. ఇవన్నీ తెలుసుకుంటే బయలుదేరడం ఆలస్యం అవుతుంది.

5. డిగ్రీకి అటెస్టేషన్ చేయించకు. ఏజెంట్ "నేను చూసుకుంటా" అంటాడు, ఆ మాట చాలు. రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో వెతికితే మనిషిని అనుమానించినట్టు.

6. ఏజెంట్‌కు కట్టే పైసల కోసం రోడ్డు పక్క రెండు గుంటల భూమి అమ్ము. బాపు ఒప్పుకోకపోతే అన్నం మానెయ్, మూడో పూటకు ఒప్పుకుంటాడు.

7. చిలుకూరు బాలాజీ గుడికి పోయి 11 ప్రదక్షిణలు చెయ్. పని అయ్యాక 108 చేస్తానని మొక్కు. ఇంగ్లీష్ గ్రామర్‌కు ఏడాది పట్టేది ఇక్కడ గంటలో తెములుతుంది. వీసా రాకపోతే ప్రదక్షిణల లెక్క తప్పిందని చెప్పు. చదవలేదన్న మాట ఎవరి నోటా రాదు.

8. విజిట్ వీసా మీద విమానం ఎక్కు. అక్కడ దిగినాక ఏదో ఒక సెంటర్‌లో చేరు. క్లాసులో మొదటి అరగంట హాజరు పిలువు, తర్వాత సినిమా పెట్టు. 'సిన్స్'కు 'ఫర్'కు తేడా ఏమిటని పిల్లాడు అడిగితే రెండూ ఒకటే అను. మళ్లీ అడిగితే అదే హోంవర్క్ అని బోర్డు మీద రాయి. సెలవు కోసం గొంతు నొప్పి వారానికి రెండుసార్లు రావాలి. అమ్మమ్మను మాత్రం ఒక్కసారే చంపు, తేదీ రాసి పెట్టుకో. ఈ ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం.

9. ఒకరోజు అధికారులు వచ్చి పర్మిట్ అడుగుతారు. కంగారుపడకు. తిరుగు ప్రయాణానికి ఇంతకన్నా జల్ది దారి లేదు. సామాను తక్కువ పెట్టుకోవాలని ముందే అనుకుని ఉంటే ఇంకా సుఖం.

10. ఊరికొచ్చాక "అక్కడి వాతావరణం పడలేదు" అను, అంతకు మించి ఒక్క ముక్క చెప్పకు. గుంటలు కొన్నాయన కాంపౌండ్ గోడ కట్టుకుంటుంటే అటు పోకు, ఇంకో తొవ్వ చూసుకో.

11. చేవెళ్లలో ఒక రూం కిరాయికి తీసుకుని "ఫారిన్ రిటర్న్ ఫ్యాకల్టీ" అని బోర్డు కట్టు. ఆ ఒక్క రాత్రి సర్టిఫికెట్‌ను ఫ్రేం కట్టించి, లోపలికి రాగానే కనబడేటట్టు తగిలించు. ఫీజు మొత్తం మొదటి రోజే వసూలు చెయ్. ఎవరైనా పిల్ల లేచి "సార్, సెల్టా చేయమంటారా?" అని అడిగితే ఒకటో నంబర్ చిట్కా చదివి వినిపించు.