ఇనుప గేటుకు టేకు తొడుగు

గండికోటకు పోయినోళ్ళంతా పెన్న లోయ దగ్గర ఫోటోలు దిగి వస్తారు. కోట వాకిలి తలుపుల దగ్గర రోంతసేపు నిలబడేవాళ్ళు తక్కువ. లోపల మందపాటి మాను, దాని మీద ఇనుప రేకులు, రేకుల మీద మొనలు. ఏనుగు వచ్చి కుమ్మితే నొప్పి దానికే పుట్టాలని ఆ ఏర్పాటు. బలం కట్టెది, కాపలా ఇనుముది. ఇప్పుడు కర్నూలు, కడప కొత్త కాలనీల్లో తిరిగి చూడండి, అంతా తిరగబడింది. లోపల ఇనుప పైపుల చట్రం, పైన టేకు పట్టీలు. ఇనుము కనపడితే నామర్దా అంట, కట్టె కనపడితేనే ఎలివేషన్ అంట!

మా రోజుల్లో ఇంటికి ఇంత గేటు యాడిది? దొడ్డివాకిలి ఎద్దులబండి పట్టేంత వెడల్పు ఉండేది, దానికి తుమ్మకంప తడిక. పొద్దున కర్రతో పక్కకు నెట్టేది, మాపటికి అడ్డం లాగేది. పాడైతే ఇంకో కంప కొట్టుకొచ్చేది. ఇప్పుడు మూడు సెంట్ల ఇంట్లో సెంటు జాగా కారుకే. మురికికాలువ మీద నుంచి వీధిలోకి సిమెంటు ర్యాంపు, దాని పైన ఈ గేటు.

కట్టె సంగతీ అంతే. మా నాయన కాలంలో టేకు అంటే నల్లమల టేకే. ఇప్పుడు ఆఫ్రికా నుంచి, దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వస్తోంది. మన శేషాచలం, లంకమల కొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది కదా అంటారేమో, దాంతో గేటు చేయిస్తే మొదట తలుపు తట్టేది ఫారెస్టోళ్ళే.

ఇనుముకు కట్టె తొడగడమే తప్పని నేననను. నా తగవంతా తొడిగే తీరుతో. మే నెలలో కర్నూల్లో 44 డిగ్రీలు మనకు కొత్త కాదు. ఆ పొడిగాలికి పలక వెడల్పులో ముడుచుకుంటుంది, వానలు పడి తేమ పట్టగానే ఉబ్బుతుంది. టేకు మిగతా కట్టెలకంటే నిదానమైంది, అయినా ఆరంగుళాల పలక ఏడాదిలో ఒకటి రెండు మిల్లీమీటర్లు కదులుతుంది. పొడవులో మాత్రం దాదాపు కదలదు. ఇనుముకు తేమతో పనిలేదు, వేడికి సాగుతుంది. 4 మీటర్ల చట్రం 30 డిగ్రీల తేడాకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. ఇట్లా ఒకటి వానకు, ఒకటి ఎండకు కదిలే రెండింటినీ కదలనీయకుండా బిగిస్తే పలకన్నా చీలాల, స్క్రూ అన్నా తెగాల.

ఇప్పటి పిల్లోళ్ళు ఏం చేస్తారు? పలకను పలకకు ఆనించి, సందుల్లో లప్పం నింపి, ప్రతి పలకకూ రెండంచుల్లో స్క్రూలు దిగ్గొట్టి పోతారు. ఉగాదికి గృహప్రవేశం. శ్రావణానికల్లా పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని వంకర్లు పోతాయి.

పాత ఆచారులు తలుపు చట్రానికి గాడి తీసి పలకను మేకు లేకుండా, బంక లేకుండా దాంట్లోకి దించేవాళ్ళు. ఉబ్బినా ముడుచుకున్నా గాడి లోపలే. ఇక బండిచక్రానికి పట్టా ఎక్కించేది చూసినోళ్ళకు వేరే పాఠం అక్కర్లేదు. చక్రం చుట్టుకొలత కంటే పట్టాను రోంత తక్కువగా చుట్టేవాడు కమ్మరి. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, ముగ్గురు నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద పెట్టి, సమ్మెటలతో దించేవాళ్ళు. కట్టె కమురుకుని పొగ లేస్తుండగానే బిందెలతో నీళ్ళు. పట్టా ముడుచుకుని ఆకుల కీళ్ళన్నింటినీ బిగబట్టేది. ఎండాకాలంలో కట్టె ఎండి పట్టా వదులైతే, ఇనుమును ముట్టుకోకుండా చక్రాన్నే తీసుకుపోయి నీళ్ళలో నానబెట్టేవాళ్ళు. వడ్రంగీ కమ్మరీ పక్కపక్కన నిలబడి చేసే పని అది. ఇప్పుడు వెల్డింగు అబ్బాయి పోయినాక గానీ కార్పెంటరు రాడు. ఒకరి మొహం ఒకరు చూడరు. చట్రం ఎట్లా సాగుతుందో ఈయనకు తెలియదు, పలక ఎట్లా ఉబ్బుతుందో ఆయనకు పట్టదు.

మరకల గొడవ ఇంకొకటి. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు ఎట్లా వస్తుందో తెలుసా? తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో ఊరబెట్టి, ఆ నీళ్ళతో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే, కరక్కాయ వగరుకు ఇనుము కలిసి నల్లబడుతుంది. టేకులోనూ కొంత వగరుంది. మామూలు ఇనుప స్క్రూ వేసినారంటే మొదటి వానకే గేటు మీద కలంకారీ మొదలవుతుంది, అదీ అడక్కుండానే. నాలుగు డబ్బులు ఎక్కువైనా స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయించాల. పలక తొడగకముందే చట్రానికి రెడ్ ఆక్సైడ్ పూయించాల, తొడిగినాక ఆ వెనక్కి బ్రష్షు దూరదు. పలకలో రంధ్రం స్క్రూ కంటే పెద్దదిగా ఉండాల, కట్టెకూ ఇనుముకూ నడుమ రబ్బరు వాషరు పడాల, పలకకూ పలకకూ మధ్య 5 మిల్లీమీటర్ల సందు ఉండాల.

సందు అనేసరికి ఇంట్లో అందరికీ కోపం. "లోపల కనపడదా తాతా?" అంటుంది మనవరాలు. 5 మిల్లీమీటర్లలో ఏం కనపడుతుంది తల్లీ! సందు లేకపోతే వైశాఖంలో గాలిదుమారం లేచినప్పుడు తెలుస్తుంది. ఊచల గేటు గాలిని తనలోంచి పోనిచ్చేది. నిండుగా మూసిన గేటు తెరచాప మాదిరి గాలినంతా పట్టుకుంటుంది. ఆ ఊపంతా పడేది బందుల మీద, బందులు పట్టిన స్తంభం మీద.

మా వాడు దీనికీ మందు చెప్పినాడు: "కట్టె వద్దులే నాయనా, డబ్ల్యూపీసీ పలకలు వేయిద్దాం. చెదలు పట్టవు, సందులతో పని లేదు." చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసిన పలకలవి. చెదల మాట నిజమేమో గానీ, ఎండకు అవి పొడవులోనూ సాగుతాయి, అసలు కట్టెకంటే ఎక్కువగా. సందు వదలమని ఆ పలకలతో వచ్చే కాగితంలోనే రాసుంటుంది. దాన్ని విప్పి చదివేదెవరు?