తీసేస్తే పోలా!

కారు కొత్తగా ఉన్నన్నాళ్లూ షోరూమ్ వాళ్లు చూసుకుంటారు. వారంటీ అయ్యాక ఆటోనగర్ మేస్త్రీ చూసుకుంటాడు. పదిహేనేళ్లు దాటి, ఆర్సీ రెన్యువల్ చేయించి, అమ్మితే స్కూటర్ డబ్బులు కూడా రాని స్థితికి వచ్చాక మాత్రం ఓనరే డాక్టరైపోతాడు. ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే. కోసి తీసేయడం.

బెజవాడలో మా పక్కింటి బాబాయిగారు ఈ వైద్యంలో చెయ్యి తిరిగిన మనిషి. వారిది 2003 మోడల్ మారుతి 800, ఏసీ బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు, నలభై గుర్రాల బలం కూడా లేని ఆ బుల్లి ఇంజిన్ చుట్టూ కంపెనీ వాళ్లు ఇన్నేసి గొట్టాలు, డబ్బాలు ఎందుకు తగిలించారన్నది ఆయన ఆవేదన. "ఇవన్నీ ఎక్స్‌ట్రాలు అబ్బాయ్. తీసేస్తే పోలా!" అంటారు. రిటైర్మెంటు, యూట్యూబు, పానాల సెట్టు, ఈ మూడూ ఒకే ఇంట్లో చేరాక ఏ బండికైనా భద్రత ఏముంటుంది?

ఏది అనవసరమో తేల్చడానికి ఆయనకో పరీక్ష ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేస్తారు. ఓ గొట్టం పీకుతారు. ఇంజిన్ ఆగలేదా, ఆ గొట్టం దండగ. ఈ లెక్కన బ్రేకులు కూడా దండగే. అవి లేకపోయినా ఇంజిన్ ఆగదు. ఆ మాటకొస్తే ఏదీ ఆగదు.

మొదటి వేటు థర్మోస్టాట్ మీద పడింది. దీని మీద మన దేశంలో తరతరాల కక్ష ఉంది. రోహిణి కార్తెలో బండి వేడెక్కిందంటే చాలు, "థర్మోస్టాట్ పీకి పారెయ్యండి సార్" అనేవాడు ప్రతి వీధిలోనూ దొరుకుతాడు. రేడియేటర్లో ఏళ్ల తరబడి కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి, లోపల సున్నం పేరబెట్టింది ఎవరో ఎవరూ అడగరు. ఫ్యాను తిరుగుతోందా లేదా అని బానెట్ ఎత్తి చూడరు. నోరులేనిది థర్మోస్టాట్. నేరం దాని మీద మోపడం సులువు.

ఆయన మనసు మారుతుందేమోనన్న ఆశతో ఓ ప్రయోగం చేద్దామన్నాను. పిన్నిగారిని అడక్కుండా పాలగిన్నె తీసుకుని, థర్మోస్టాట్‌కు దారం కట్టి నీళ్లలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టాం. అరచేతిలో ఇమిడే వస్తువు అది. మధ్యలో చిన్న ఇత్తడి గుళిక, చుట్టూ స్ప్రింగు, పైన రూపాయి బిళ్లంత మూత. గుళిక లోపల ఉన్నది మైనం. నీళ్లు గోరువెచ్చనయ్యాయి, మూత కదల్లేదు. పొగలు వచ్చాయి, కదల్లేదు. గిన్నె అడుగున బుడగలు లేస్తుండగా, అంటే 80 దాటిన చోట ఎక్కడో, మైనం కరిగి ఉబ్బి మూతను మెల్లగా పైకి నెట్టింది. గిన్నె దించి చల్లార్చితే మళ్లీ మూసుకుంది. కరెంటు లేదు, వైరు లేదు, చెప్పేవాళ్లు లేరు. ఇరవై ఏళ్లుగా అది చేస్తున్నది ఇదే.

బాబాయిగారు శ్రద్ధగా చూశారు. "వేడెక్కితే ఎలాగూ తెరుచుకుంటుంది కదా అబ్బాయ్. మనం ముందే తీసేసి ఉంచితే దానికి శ్రమ తప్పుతుందిగా?" అన్నారు. పిన్నిగారు వచ్చి పాలగిన్నె గురించి అన్న మాటలు పత్రికలో వేసేవి కావు.

ఆ శ్రమ తప్పించాక ఏమైందంటే, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే నీళ్లు రేడియేటర్‌కు పరుగెత్తడం మొదలుపెట్టాయి. ఇది కార్బురేటర్ బండి కాదు, ఎంపీఎఫ్ఐ. నీటి వేడి ఎంతో సెన్సార్ చెబితే ఆ ప్రకారం కంప్యూటర్ పెట్రోలు పోస్తుంది. పొద్దున పూట, హైవే మీద, నీళ్లు ఎంతకీ వేడెక్కకపోతే 'అయ్యో, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉంది' అనుకుని అది పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మండగా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడలు కడుక్కుంటూ పోయి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. మైలేజీ పడిపోయింది. అయితే వేడి ముల్లు మాత్రం కిందే ఉంది. బాబాయిగారు ఆ ముల్లు ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు.

తర్వాతి వంతు ఏసీ కంప్రెసర్‌ది. ఇక్కడ ఆయన వైపు కొంత న్యాయం లేకపోలేదు. గ్యాసు ఎప్పుడో పోయింది, కంప్రెసర్ పట్టేసింది, బాగు చేయించాలంటే బండి ఖరీదులో పావు వంతు అవుతుంది. అలాంటప్పుడు తీసేస్తే పాపమేమీ లేదు. దాని బెల్టు వేరు కాబట్టి ఆ ఒక్క బెల్టు తీసి ఊరుకున్నా సరిపోయేది. కొత్త కార్లలో అలా కుదరదు. ఒకే బెల్టు ఆల్టర్నేటర్‌నీ, చాలా బండ్లలో వాటర్ పంపునీ తిప్పుతూ కంప్రెసర్ మీదుగా పోతుంది. కంప్రెసర్ పీకితే బెల్టు కొలతే మారిపోతుంది. ఇక గ్యాసు నిజంగా పోయిందో లేదో గేజి పెట్టి చూసుకోకుండా పైపు విప్పబోవడం మరో ముచ్చట. గ్యాసు నిండుగా ఉన్న బండిలో, 35 డిగ్రీల ఎండలో, ఇంజిన్ ఆపి ఉంచినా ఆ పైపుల్లో ఎనిమిది బార్ దాకా ప్రెషర్ ఉంటుంది. టైరులో ఉండేది రెండు బార్ చిల్లర. ఆ గ్యాసు మరిగేది మైనస్ 26 డిగ్రీల దగ్గర. చేతి మీద చిమ్మితే బెజవాడ మే నెలలో కూడా చర్మం గడ్డకడుతుంది. ఊళ్లో చల్లదనం చూడాలంటే అదొక దారి.

కంప్రెసర్ దిగాక పికప్ పెరిగిందన్నారు బాబాయిగారు. ఏసీ ఆపి ఉన్నప్పుడు దాని క్లచ్ విడిపోయి పుల్లీ ఒక్కటే ఊరికే తిరుగుతుందనీ, ఇంజిన్ మీద పడే భారం దాదాపు శూన్యమనీ చెప్పాను. బరువు తగ్గింది కదా అన్నారు. తగ్గిన మాట నిజం, ఆరేడు కిలోలు. డిక్కీలో ఎప్పటినుంచో ఉంటున్న అర బస్తా సిమెంటు సంగతి నేను ఎత్తలేదు.

పెట్రోలు ట్యాంకులో ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా మూడో బలి. అది పోయాక కారు ఉన్న పోర్టికోలో పెట్రోలు బంకు వాసన స్థిరపడింది. అగరొత్తులు వెలిగిద్దామని పిన్నిగారు అన్నప్పుడు మాత్రం బాబాయిగారు వద్దని గట్టిగా అడ్డం పడ్డారు. ఆయనకు సైన్సు తెలియదని ఎవరూ అనకూడదు.

నాలుగోది క్యాటలిటిక్ కన్వర్టర్. సైలెన్సర్ దారిలో డబ్బాలా ఉంటుంది, లోపల తేనెపట్టులా సిరామిక్ గూళ్లు, వాటి మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసుల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోలు పోస్తే ఇది చచ్చిపోతుంది కాబట్టి దీనికోసమే సీసం లేని పెట్రోలు కూడా తెచ్చారు. ఇంత హంగామా చేసి పెట్టిన వస్తువును బాబాయిగారు "పొగకు అడ్డం" అని తేల్చేశారు. పాత సామాను కొనేవాడు డబ్బా బరువు చూడకుండానే రేటు చెప్పి పట్టుకుపోయాడు. ఇంత మర్యాదస్తుణ్ని చూడలేదని బాబాయిగారు సంబరపడ్డారు.

ఆ సాయంత్రమే డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ ఆకారంలో పసుపు లైటు వెలిగింది. అదీ ఎక్స్‌ట్రానే. పిన్నిగారి స్టిక్కర్ బొట్టు ఒకటి దాని మీద సరిగ్గా సరిపోయింది.

ఇంజిన్లో తీసినవన్నీ చప్పుడు చేయకుండా పనిచేసేవి. వాటి స్థానంలో చేరినవి చూడండి: మూడు రాగాల రివర్స్ హారన్, బంపర్‌కు ఇనుప గార్డు, వెనక అద్దానికి రెండు స్పీకర్లు, ఎదుటివాడి కళ్లు పోగొట్టే ఎల్‌ఈడీ లైట్లు. ఇవి లేకపోతే ఇంజిన్ ఆగుతుందా అని ఆయన ఏనాడూ పరీక్షించలేదు. ఆఫీసుల్లో కోతలు ఎలా పెడతారో చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు.

తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. బీఎస్-2 పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు. అంతకు ముందు తరం బండ్లకు 3 శాతం దాకా మాఫీ. కన్వర్టర్ లేని బండి 0.5లో నెగ్గడం కష్టం. కానీ పొగ పరీక్ష వ్యాను కుర్రాడు దయగలవాడు. గొట్టాన్ని సైలెన్సర్‌కు జానెడు దూరంలో పట్టుకుని మీట నొక్కాడు. బెంజ్ సర్కిల్ గాలి ఆరు నెలల పాటు పాసైనట్టు సర్టిఫికెట్ చేతికొచ్చింది.

ఈ మధ్య బండి అమ్మకానికి పెట్టారు. గుడివాడ నుంచి ఓ కుర్రాడు చూడటానికి వచ్చాడు. బానెట్ ఎత్తి, మూతలు లేని గొట్టాల మూతులను, పని లేని బ్రాకెట్లను చాలాసేపు చూశాడు. పసుపు లైటు మీది బొట్టును గోటితో గీకి, మళ్లీ అతికించాడు. తర్వాత డిక్కీ తెరిచాడు. సిమెంటు బస్తా పక్కన గోనెసంచిలో కంప్రెసర్, బొగ్గు డబ్బా, థర్మోస్టాట్, పేరు తెలియని క్లాంపులు, నట్లు.

"ఈ మూట కూడా బండితో పాటే ఇస్తారా అండీ?" అన్నాడు.

బాబాయిగారు సంచి మూతి బిగించి కట్టారు. "అవి ఒరిజినల్ పార్టులు బాబూ. దొరకవు. వాటికి వేరే రేటు."