బియ్యం డబ్బాలో 70-300

పోయిన వానాకాలం ఒక ఆదివారం పొద్దున్న నా 70-300 లెన్సు కనబడలేదు. బీరువా వెతికాను, మంచం కింద వెతికాను, దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్టలు కూడా విప్పి చూశాను. ఆఖరికి అన్నానికి బియ్యం తీయబోయిన మా ఆవిడ వంటింట్లోంచి పిలిచింది.

"ఏవండీ, మీ ఫిరంగి ఇక్కడుంది."

బియ్యం డబ్బాలో, మెడదాకా కూరుకుపోయి, నిటారుగా నిలబడి ఉంది.

పని మా అమ్మది. ఏమీ తొణక్కుండా చెప్పింది. "ఫోను నీళ్లలో పడితే బియ్యంలో ఎట్టమన్నావు కాదేటి? ఈ గాలికి అద్దాలు బూజు పడతన్నాయని మొన్న నువ్వే అన్నావు. అదీ ఇదీ ఒకటే జాతి కదా అని ఎట్టీసినాను."

తర్కంలో లోపం లేదు. మాది ఎచ్చెర్ల. సముద్రం కనబడదు గానీ దాని చెమట మాత్రం మా ఇంటిదాకా వస్తుంది. వానలు మొదలైతే అప్పడాలు మెత్తబడతాయి, తోలు చెప్పులు నెరుస్తాయి, లెన్సు లోపలి గాజు మీద సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్ పాకుతుంది. దానికి విరుగుడు గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు. అమ్మ డబ్బా వరకు సరిగ్గానే వచ్చింది, జెల్ దగ్గరే తవుడు కలిసింది. ఆ రోజు నుంచి ఆ లెన్సు జూమ్ తిప్పితే తిరగలి తిప్పినట్టు చప్పుడు.

"అసలు ఒక మనిషికి ఎన్ని లెన్సులు కావాలండీ?" అంది మా ఆవిడ, బియ్యం రెండోసారి జల్లిస్తూ.

లెక్కల మేష్టారిని. లెక్క అడిగితే ఆగలేను. "ఏడు" అన్నాను.

"ఉన్నవి అడగలేదు. కావాల్సినవి అడిగాను."

ఆ ప్రశ్న తెమలడానికి నాకు ఏడాది పట్టింది.

మొదటిది కెమెరాతోపాటు వచ్చిన 18-55. దాన్ని ఎవరూ కొనరు, సబ్బుతో సబ్బుపెట్టె వచ్చినట్టు వస్తుంది. అందుకే అందరికీ చులకన. నాకూ చులకనై, రెండోది కొందామని విశాఖపట్నం వెళ్లాను. కొట్టులో కుర్రాడు 50 చేతిలో పెట్టి, "దీనిది 1.8 సార్, పెద్దది. మీ దగ్గరున్నది 5.6, చిన్నది" అన్నాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు దశాంశాలు చెబుతున్నవాణ్ణి. ఎవరు చెప్పారో పాపం ఈ కుర్రాడికి లెక్కలు అని జాలిపడ్డాను. తిరుగు బస్సు తగరపువలస దాటాక వెలిగింది. అది విలువ కాదు, హారం! నాభ్యంతరాన్ని ఆ అంకెతో భాగిస్తే లెన్సు కన్నం ఎంతో వస్తుంది. 50 మిల్లీమీటర్లని 1.8తో భాగిస్తే దాదాపు 28, 5.6తో భాగిస్తే 9. వెలుగు లెక్క కన్నం వైశాల్యాన్ని బట్టి కాబట్టి మొదటిదాంట్లోంచి రెండోదానికి దాదాపు పది రెట్లు వెలుగు దూరుతుంది. హారం పెరిగితే విలువ తగ్గును అని ఏటా జూన్‌లో బోర్డు మీద రాసేది నేనే. ఆ కుర్రాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత వాడు ఇంకో మూడు లెన్సులు అమ్మాడు కాబట్టి చెల్లుకు చెల్లు.

50కి మర్యాద ఎక్కువ, ధర తక్కువ. ఫ్రాన్సు దేశపు మహానుభావుడు కార్టియే బ్రెసాన్ చాలావరకు ఆ ఒక్కదాంతోనే లోకమంతా తిరిగి తీశాడు. ఆయనకు సరిపోయింది నాకెందుకు సరిపోదు అనుకున్నాను. ఎందుకు సరిపోదో పొందూరులో తెలిసింది.

పొందూరు మాకు దగ్గరే. సన్నఖద్దరుకు అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. దవడకున్న సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేసి పత్తిలో నలకల్ని పట్టేస్తాయి. ఒక పెద్దావిడ కిటికీ వెలుగులో కూర్చుని ఏకుతోంది. ఆవిడా, రాట్నమూ, కిటికీ, మూడూ ఒకే ఫొటోలో కావాలి నాకు. వెనక్కి జరిగాను. గోడ తగిలింది. పక్కకు జరిగి గుమ్మంలోకి వచ్చాను, చాల్లేదు. అరుగు మీదికి దిగాను. ఆఖరికి వీధి మధ్యలో నిలబడి గుమ్మంలోంచి గురిచూస్తుంటే వెనకనుంచి ఎవడో సైకిలు గంట కొట్టాడు.

"లోపలికి రండి బాబూ. ఫొటో తీస్తానని ఒచ్చి ఈదిలో నిలబడ్డారేటి?" అంది పెద్దావిడ.

తప్పు 50ది కాదు. బ్రెసాన్ ఫిల్ము వెడల్పు 36 మిల్లీమీటర్లు, నా కెమెరా సెన్సరుది 23.5. చిన్న తెర మీద అదే 50 కాస్తా 75లా మసులుకుంటుంది. మూడు మీటర్ల దూరంలో దానికి పట్టేది అడ్డంగా మీటరున్నర లోపే. మనిషి పడితే రాట్నం పట్టదు. అదే 35 అయితే రెండు మీటర్లు పడుతుంది, పొందూరు ఇల్లు పొందూరు ఇల్లులా కనిపిస్తుంది. మా ప్రాంతపు గదుల కొలతల్ని బట్టి లెన్సు కొనాలిగాని ఫ్రాన్సు వీధుల్ని బట్టి కాదు. ఇంటికొచ్చి 35 కొన్నాను.

ఆ రోజు ఆవిడ చేతిలో దవడను చూస్తూ, "ఇది విరిగిపోతే ఏం చేస్తావమ్మా?" అని అడిగాను.

"ఇంకో సేప" అంది.

వెడల్పు లెన్సు సంగతి వేరు. 10-20 కొన్నది విజయనగరం సిరిమాను కోసం. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి ఉత్సవం. పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. ఆ జనాన్నంతా ఒక ఫొటోలో కట్టెయ్యాలని నా ఆశ. కట్టేశాను. మేడల మీద జనం వచ్చారు, చెట్ల మీద జనం వచ్చారు, నా మోచేయి వచ్చింది. సిరిమాను మాత్రం పళ్లు కుట్టుకునే పుల్లంత వచ్చింది. వెడల్పు లెన్సు దగ్గరున్నదాన్ని ఉబ్బించి దూరమైనదాన్ని తరిమేస్తుందని అప్పటిదాకా పుస్తకంలో చదవడమే. నాకు దగ్గరగా ఉన్నది బఠాణీల బండి.

ఆ లెన్సు గుణం నాకంటే మా తోడల్లుడు బాగా గ్రహించాడు. ఒక పూట అడిగి పట్టుకెళ్లి, హైవే పక్కనున్న తన 150 గజాల స్థలాన్ని మూలనుంచి తీసి నలుగురికీ పంపాడు. అరెకరంలా ఉంది. చూడ్డానికి వచ్చిన పార్టీ స్థలం మధ్యలో నిలబడి, "మిగతాది ఏదండీ?" అని అడిగిందట.

ఇక పొడుగు లెన్సులు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా శీతాకాలం ముందు గూడబాతులు, రంగు కొంగలు వచ్చి, గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని సైబీరియా పక్షులంటారు. గూడబాతులు అంత దూరం నుంచి వచ్చేవి కావని ఎవరైనా చెబితే ఒప్పుకోరు. నేనూ చెప్పలేదు, ఇంటికొచ్చిన ఆడపడుచుది ఏ ఊరని తర్కించరు. వాటికోసం 150-600 అద్దెకు తెచ్చాను. దాదాపు రెండు కిలోలు. అడవిలోకి, చిత్తడిలోకి పోవాలేమో అనుకుని గొడుగు, బూట్లు, పులిహోర కూడా పట్టుకెళ్లాను.

పక్షులు ఊళ్లోనే ఉన్నాయి. ఇళ్ల మధ్య చెట్ల మీద. నేను నిలబడిన చోటికి పది మీటర్ల పైన ఒక గూడబాతు, నా వైపే చూస్తోంది. లెన్సును ఎంత వెనక్కి లాగినా 150 దగ్గర ఆగిపోతుంది. పది మీటర్లలో అది పట్టేది మీటరున్నర. గూడబాతు ముక్కు కొసనుంచి తోకదాకా ఇంచుమించు అంతే పొడవు. ఇరికించి ఇరికించి సరిపెట్టేసరికి అది రెక్కలు విప్పింది. ఏడడుగులు! ముక్కు వస్తే తోక రాదు, తోక వస్తే రెక్క రాదు. పక్కనే చూస్తున్న గుంటడు జాలిపడ్డాడు.

"ఫోనుతో తియ్యండి మేష్టారూ. మొత్తం ఒస్తాది."

తీశాను. వచ్చింది.

అద్దె ఇంకో రోజు మిగిలింది కదా అని మర్నాడు రణస్థలం వైపు వెళ్లి, పొలాల మీద తిరిగే గెద్దల కోసం దాన్ని స్టాండుకెక్కించాను. కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం మాట పుట్టినప్పటి నుంచి అటువైపు మూడుకాళ్ల స్టాండంటే ఒకటే అర్థం. పది నిమిషాల్లో ఒక రైతు తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు.

"మా సేను ఇందులోకి పోతాదేటి బాబూ?"

"నేను సర్వే మనిషిని కాదు. పిట్టల ఫొటోలు తీసుకుంటున్నాను."

"అందరూ అలాగే సెప్తారు" అన్నాడాయన, నా పక్కనే చతికిలబడి.

లెన్సు పొడవు పెరిగేకొద్దీ మనిషి మీద అనుమానం పెరుగుతుంది. 35తో వెళ్లినప్పుడు మాత్రం దగ్గరికి వెళ్లక తప్పదు. దగ్గరికి వెళితే ఎవరి అబ్బాయివని అడుగుతారు, తాటిముంజలు పెడతారు. ఒక్కోసారి ముంజలతోనే తిరిగొస్తాను, ఫొటో లేకుండా. ఇది లోపమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

లెన్సులు ఎక్కువైతే ఇంకో తిప్పలుంది, మారుస్తూ ఉండాలి. కళింగపట్నం తీరంలో, లైట్‌హౌసు దగ్గర, ఈదురుగాలిలో రెండుసార్లు మార్చాను. ఇసుక రేణువొకటి లోపలికి దూరి సెన్సరు మీద స్థిరపడింది. ఆ తర్వాత మూడు నెలలు నేను తీసిన ప్రతి ఆకాశంలోనూ ఒకే చోట ఒక నల్లచుక్క. "మీవైపు గెద్దలు బాగా ఉన్నాయి మేష్టారూ" అన్నాడు మా హిందీ మేష్టారు. రణస్థలంలో దొరకని గెద్ద అలా దొరికింది.

సంక్రాంతి సెలవుల్లో తీరిగ్గా కూర్చున్నాను. ప్రతి ఫొటో వెనకా దాని జాతకం రాసి ఉంటుంది. ఏ రోజు, ఏ లెన్సు, ఎంత నాభ్యంతరం, ఎంత కన్నం. మూడేళ్ల ఫొటోల జాతకాలు విప్పి గీతలు కొట్టుకుంటూ లెక్కగట్టాను. సగం పైన 35. తర్వాత 18-55, అదీ 18 దగ్గరో 55 దగ్గరో తప్ప మధ్యలో దాదాపు ఏమీ లేదు. 70-300 ఏడాదికి రెండు మూడు పండగలకి, స్కూల్లో ఆటల పోటీలకి. 10-20తో తీసినవాటిలో ఎక్కువ మా తోడల్లుడి స్థలం. మిగతావి నాలుగు నెలలుగా సంచీలోంచి బయటికి రాలేదు. వాటిని మోసిన భుజానికి మాత్రం రోజూ తెలుస్తోంది.

అరసవల్లిలో ఏటా మార్చిలోను, అక్టోబరులోను కొన్ని పొద్దుటిపూటలు సూర్యకిరణాలు నేరుగా వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. ఆ గుడి కట్టినవాడు జూమ్ పెట్టలేదు. ఒక ద్వారం, ఒక దిక్కు, ఏడాదికి రెండే అవకాశాలు. మబ్బుపడితే మళ్లీ ఆర్నెల్లు ఆగాల్సిందే. అంత నిబ్బరం నాకు లేదు గనక ఒకటి కాకుండా మూడు ఉంచుకుందామనుకున్నాను. 35, 18-55, 70-300. 50ని కూడా అమ్మకానికి పెట్టబోతూ, పోయేముందు దాంతో అమ్మ ఫొటో ఒకటి తీద్దామని పెరట్లో కూర్చోబెట్టాను. 1.8 దగ్గర, సాయంత్రం వెలుగులో. ముఖం మీద ఒక్కో ముడతా పలికింది. వెనకదంతా వెన్నలా కరిగిపోయింది. ఆ కరగడానికే లోకమంతా డబ్బు పోస్తుంది.

అమ్మ ఫొటోను దూరంగా పట్టుకుని చూసింది. "ఎనకాల తులసికోట ఏదిరా?"

"అదేనమ్మా, ఆ పచ్చగా మెత్తగా కనబడేది."

"మరి ఆవు?"

"ఆ తెల్లటి మసక."

"కళ్లజోడు ఎట్టుకోనేదేటి నీ కెమేరా? రొక్కం ఒట్టుకెళ్లి మసకది కొన్నావు."

18-55 తగిలించి, కన్నం 8కి బిగించి మళ్లీ తీశాను. అమ్మ వచ్చింది, తులసికోట వచ్చింది, ఆవు వచ్చింది, దండెం మీద నా లుంగీ వచ్చింది, గోడ మీదినుంచి తొంగిచూస్తున్న పక్కింటావిడ కూడా స్పష్టంగా వచ్చింది. ఆ ఫొటోకే ఫ్రేము కట్టించమంది. హాల్లో వేలాడుతోంది.

అమ్మకానికి పెట్టినవాటిని చూడ్డానికి చిలకపాలెం నుంచి పెళ్లిళ్ల ఫొటోలు తీసే కుర్రాడొకడు వచ్చాడు. ఒక్కొక్కటే వెలుగుకెత్తి లోపలికి చూశాడు, రింగులు తిప్పి చూశాడు. బల్ల మీద వేరుగా పెట్టిన 70-300ని, అది అమ్మకానికి కాదని నేను చెప్పేలోపే, చేతిలోకి తీసుకుని జూమ్ తిప్పాడు. కరకరమంది. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తిప్పాడు. బోర్లించి అరచేతిలోకి తట్టాడు. తెల్లగా, సన్నగా, ఒకటి రాలింది.

వేళ్ల మధ్య నలిపి చూసి అడిగాడు.

"మసూరేనా మేష్టారూ?"